నల్లగొండ కీళ్లనొప్పులు - మృదులాస్థి కణము: ఒక విమర్శ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామములలో నడివయస్సు దాటినవారు నేలమీద కూర్చుండి లేచునప్పుడు తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "మోకాళ్లల్ల గుజ్జు అరిగిపోయింది." ఈ మాట వైద్యుని నోటినుండి వెలువడి రోగి నోట స్థిరపడినది. నల్లగొండ పశ్చిమభాగమున మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములలో దానికి తోడుగా మరియొక మాట వినవచ్చును: "ఇది నీళ్లతోని వచ్చిన బొక్కల జబ్బు." మొదటి మాట కీలును బండి ఇరుసువలె భావించును. రెండవ మాట కీలును విడిచి ఎముకను మాత్రమే చూచును. రెండింటిలోను సత్యము కొంత ఉన్నది. కాని రెండింటిలోను లోపించినది ఒక్కటే. కీలులో ప్రాణముతో నుండి, దానిని కట్టుచు, కాపాడుచు, కొన్ని పరిస్థితులలో తానే దానిని కూల్చునట్టి మృదులాస్థి కణమునకు ఈ మాటలలో చోటు లేదు.

ఈ లోపము మాటలకు మాత్రమే పరిమితమైనచో దానిని విమర్శింప పనిలేదు. అయితే మనుష్యుడు వ్యాధిని ఏ మాటతో తలచునో ఆ మాటకు తగిన చికిత్సనే వెదకుకొనును. "అరిగినది" అనుకొన్నవాడు కాలు కదపక మంచము పట్టును. లేదా గుజ్జు పెంచునని చెప్పిన పొట్లములకు కూలిడబ్బు ఖర్చుపెట్టును. "నీళ్లజబ్బు" అనుకొన్నవాడు ఇక చేయదగినదేమియు లేదని నిరాశ చెందును. నొప్పికి సూది, బిళ్లలు మాత్రము ఇద్దరికిని సమానమే. కావున ఈ రెండు మాటల వెనుకనున్న శాస్త్రమును, ఆ శాస్త్రము ఈ జిల్లాలలో నడచిన దారిని పరిశీలించుట ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఉపయోగకరము.

మృదులాస్థి అనగా నేమి?

ఎముకల కొనలను కప్పియుండు నునుపైన, నీలిఛాయగల తెల్లని పొరయే కీలు మృదులాస్థి. మోకాలిలో దాని మందము సాధారణముగా 2 నుండి 4 మిల్లీమీటర్లు. దానిలో రక్తనాళములు లేవు, నరములు లేవు. దాని బరువులో 65 నుండి 80 శాతము వరకు నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనవి రెండు. కొల్లాజెన్ అను ప్రోటీను దారములు వలవలె అల్లుకొని ఉండును. ఆ వలలో అగ్రికాన్ అను పెద్ద అణువులు చిక్కుకొని, ఋణ విద్యుదావేశముతో నీటిని తమవైపు లాగి పట్టియుంచును. నీటితో ఉబ్బవలెనని అగ్రికాన్, ఉబ్బనీయక పట్టియుంచవలెనని కొల్లాజెన్ చేయు పెనుగులాటనుండియే మృదులాస్థికి బిగువు కలుగుచున్నది. నులకమంచములో నులక సడలినచో మంచమెట్లు క్రుంగునో, కొల్లాజెన్ వల చెడినచో కీలు అట్లు క్రుంగును.

ఈ పదార్థమంతయు ఎవరు తయారుచేసినారు? దానిలో చెదరియున్న కణములే. వీటికి కాండ్రోసైటులని పేరు. పెద్దవారి మృదులాస్థిలో ఈ కణములు ఆక్రమించు స్థలము నూటికి రెండు వంతులు మాత్రమే. ఒక్కొక్క కణము తన గూటిలో ఒంటరిగా నుండును. ప్రక్క కణముతో దానికి స్పర్శ లేదు. రక్తము దానిదగ్గరకు రాదు. దాని ఆహారమంతయు కీలుద్రవము నుండియే మెల్లగా ఊరి రావలెను. కాలు మోపినప్పుడు మృదులాస్థి నొక్కబడి నీరు వెలుపలికి పోవును. కాలు ఎత్తినప్పుడు క్రొత్త నీరు, దానితోబాటు ఆహారము, లోపలికి చేరును. స్పంజిని పిండి వదలినట్లు జరుగు ఈ క్రియ ఆగినచో కణము ఆకలిగొనును. నెలల తరబడి కదలక పడియున్నవారి మృదులాస్థి పలుచబడుటకు కారణమిదియే. ఇరుసు తిరిగినకొలది అరుగును. కీలు మితముగా తిరిగినకొలది పోషింపబడును. "అరుగుదల" అను ఉపమానములోని మొదటి లోపము ఇక్కడనే బయటపడుచున్నది.

అరుగుదలయా, కూల్చివేతయా?

1743లో విలియమ్ హంటర్ అను స్కాట్లండు దేశపు శస్త్రవైద్యుడు లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో కీలు మృదులాస్థిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించి, అది ఒకసారి చెడినచో మరల పూర్వస్థితికి రాదని తెలిపినాడు. ఆ మాట నేటికిని చాలవరకు నిలిచియున్నది. 2016లో ప్రచురింపబడిన ఒక పరిశోధన దానికి విచిత్రమైన సాక్ష్యమిచ్చినది. 1950, 1960 దశకములలో జరిగిన అణుబాంబు పరీక్షలవలన గాలిలో రేడియోధార్మిక కార్బన్ పెరిగి, ఆహారముద్వారా మనుష్యుల శరీరములలోనికి చేరినది. ఏ సంవత్సరములో ఏర్పడిన కణజాలములో ఆ సంవత్సరపు గుర్తు ఉండును. మోకాలి మృదులాస్థిలోని కొల్లాజెన్‌ను ఈ విధముగా పరీక్షించగా, అది బాల్య యౌవనములలో ఏర్పడినదేగాని పిమ్మట దాదాపు మారలేదని తేలినది. ఆరోగ్యవంతుల కీళ్లలోను, వ్యాధిగ్రస్తుల కీళ్లలోను ఫలితము ఒక్కటే. అనగా యాబదియేండ్ల మనుష్యుడు తన ఇరువదవ యేటికి ముందు నేయబడిన వలమీదనే నడచుచున్నాడు.

అట్లయినచో కణము ఊరక కూర్చున్నదా? లేదు. వల మారకున్నను వలలోని అగ్రికాన్‌ను అది నిత్యము తీసివేయుచు క్రొత్తది పెట్టుచు ఉండును. ఆరోగ్యదశలో కట్టుట, కూల్చుట సమతూకములో నడచును. దెబ్బ తగిలినప్పుడు, అధికభారము చిరకాలము పడినప్పుడు, వయస్సు పెరిగినప్పుడు, కీలుపొర వాచి ఇంటర్‌ల్యూకిన్ వంటి రసాయన సందేశములు పంపినప్పుడు, తూకము తప్పును. అప్పుడు ఈ కణమే కత్తెరలవంటి ఎంజైములను విడుదల చేయును. ఒక జాతి ఎంజైములు అగ్రికాన్‌ను, మరియొక జాతి ఎంజైములు కొల్లాజెన్‌ను త్రుంచును. అగ్రికాన్ పోయినను కణము మరల చేసికొనగలదు. కొల్లాజెన్ వల తెగినచో బాగు చేసికొనలేదు. కొన్ని కణములు ఎముకగా మారు దారిపట్టి ఉబ్బి నశించును. క్రింది ఎముక గట్టిపడును, అంచులలో ఎముక మొటిమలు లేచును, కీలుపొర వాచును. కీళ్ల అరుగుదల వ్యాధి అని పిలువబడుచున్న ఆస్టియో ఆర్థరైటిస్ స్వరూపమిది. ఇది రాపిడివలన మాత్రమే కలిగిన నష్టము కాదు. కాపలాదారుడే దారితప్పి ఇంటి గోడలు తీయుట వంటిది.

ఆర్థరైటిస్ అను పేరు క్రింద పలు వ్యాధులు కలవని కూడ గుర్తుంచుకొనవలెను. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో దాడి కీలుపొరనుండి మొదలగును; శరీర రక్షణవ్యవస్థయే పొరబడి ఆ పొరను వాపునకు గురిచేయును. అక్కడకూడ తుదకు నష్టపోవునది మృదులాస్థియే. ఫ్లోరోసిస్ నొప్పి ఈ రెండింటికంటె భిన్నమైనది. మూడింటిని "వాతము" అను ఒక్క సంచిలో వేయుట రోగికి మేలు చేయదు.

నల్లగొండను వ్రాసినవారు

తెలుగుదేశములో ఫ్లోరోసిస్ చరిత్ర నల్లగొండతో మొదలు కాలేదు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డు, నాయర్ అను నలుగురు మద్రాసు రాజధానిలోని వ్యాధిని గూర్చి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో వ్యాసము ప్రకటించినారు. వారు వర్ణించిన రోగులు నెల్లూరు సీమవారు. పిమ్మట 1955 డిసెంబరులో ఏ. హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను వర్ణించినారు. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినదియు ఆ నెలలోనే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతపు కౌమార వయస్కులలో మోకాళ్లు లోపలికి ఒరుసుకొను వైకల్యమును గూర్చి వ్రాసినారు.

ఈ మూడు రచనలకు వైద్యచరిత్రలో గౌరవస్థానము కలదు. నడుము వంగి, మెడ తిరుగక, చేతులు చాపలేక పడియున్న మనుష్యుని స్థితి దేవుని శాపము కాదనియు, బాయినీటిలో కరగిన ఒక మూలకపు ఫలితమనియు అవి నిరూపించినవి. వ్యాధి నీటిలో ఉన్నది కావున నీటినే మార్చవలెనని చెప్పుటకు ఆధారమైనవి. ఆ తీర్పులో తప్పు లేదు. ఈ మెట్టప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు వంటి ఖనిజములు ఉన్నవి. సున్నము తక్కువగాను, సోడియం బైకార్బొనేటు ఎక్కువగాను గల క్షారజలము ఆ శిలల నెర్రెలలో చిరకాలము నిలిచినచో ఫ్లోరైడు కరగి నీటిలో చేరును. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచుండగా, ఇక్కడి అనేక బావులలో, బోరులలో అంతకు ఎన్నియో రెట్లు ఉన్నట్లు పరీక్షలు తెలిపినవి.

అయినను ఈ రచనాపరంపరకు ఒక పరిమితి ఉన్నది. దాని కన్ను ఎక్స్‌రే. 1937 వ్యాస రచయితలలో బర్నార్డు ఎక్స్‌రే వైద్యుడు. మద్రాసులోని ఎక్స్‌రే వైద్యసంస్థ ఆయన పేరనే వెలసినది. ఎక్స్‌రే సున్నముగల పదార్థమును చూపును. చిక్కబడిన వెన్నెముకను, ఎముక ముండ్లను, సున్నము పట్టిన బంధనములను అది స్పష్టముగా చూపినది. మృదులాస్థి ఎక్స్‌రే ఫలకముమీద ఖాళీస్థలముగా కనబడును. కనబడినది వ్రాయబడినది, కనబడనిది వ్రాయబడలేదు. కాలక్రమమున "ఎక్స్‌రేలో కనబడినది ఎముక" అను మాట "వ్యాధి ఎముకకే" అను మాటగా మారి, పాఠములలో, కరపత్రములలో, ప్రసంగములలో పాతుకొన్నది. దోషము మొదట వ్రాసినవారిది కాదు. వారి సాధనపు హద్దునే వ్యాధి హద్దుగా తలచిన తరువాతివారిది.

ఎదుగు పిల్లవాని మోకాలు

1973 నాటి వ్యాసము మృదులాస్థి గుమ్మముదాక వచ్చినదని చెప్పవచ్చును. అందులోని రోగులు ఎదుగుచున్న వయస్సువారు. వెన్నెముక చిక్కబడియుండగా కాళ్ల పొడవుటెముకలు మాత్రము సున్నము తగ్గి బోలువారియుండుట, మోకాళ్లు ఒకదానినొకటి ఒరుసుకొనుట అందు వర్ణింపబడినవి. ఒకే విషము ఒకే శరీరములో ఒకచోట ఎముకను గట్టిపరచి మరియొకచోట పలుచబరచుట ఆలోచింపదగిన విషయము.

పిల్లల ఎముకలు కొనలయందు పెరుగును. ప్రతి పొడవుటెముక కొనదగ్గర మృదులాస్థితో చేయబడిన పెరుగుదల ఫలకము ఉండును. దానిలోని కణములు నాణెములు పేర్చినట్లు వరుసలు తీరి విభజన చెందును, పిమ్మట ఉబ్బును, తమ చుట్టు సున్నమును చేరనిచ్చి ఎముకకు దారి ఇచ్చును. బాలుని ఎత్తు పెరుగుట అనగా ఈ కణముల పనియే. ఫలకము ఒక ప్రక్క వేగముగను, ఒక ప్రక్క మందముగను పెరిగినచో కాలు వంకర తిరుగును. కావున ఎదుగు పిల్లల మోకాలి వంకరను గూర్చిన ఏ వివరణయైనను తుదకు ఈ కణముకడకు రావలసినదే.

పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వెదకిన దారి ఆహారము. ఆనాటి పేదల ముఖ్యాహారమైన జొన్న తినువారి శరీరములో, వరియన్నము తినువారికంటె ఫ్లోరైడు ఎక్కువగా నిలుచునని 1977లో ఆ సంస్థనుండియే వెలువడిన ప్రయోగము తెలిపినది. జలాశయము వచ్చిన పిదప భూగర్భజలము పైకి వచ్చి, నేల క్షారమై, పంటలో మాలిబ్డినము పెరిగి, దానివలన శరీరములో రాగి తగ్గియుండవచ్చునని ఒక ఊహ ప్రతిపాదింపబడినది. రాగికి ఇక్కడ సంబంధమేమి? కొల్లాజెన్ దారములను ఒకదానితో నొకటి ముడివేయు ఎంజైము రాగి లేనిదే పనిచేయదు. ముడిలేని వల బరువు మోయలేదు. ఊహ అందమైనది, ప్రతి మెట్టును రసాయనశాస్త్రము అంగీకరింపదగినదే. కాని మెట్లన్నియు విడివిడిగా సాధ్యములగుట వేరు, మెట్లవరుస మొత్తము నిజమగుట వేరు. ఆహారములో సున్నము కొరత ఈ వైకల్యమునకు ముఖ్యకారణమని ఇతర పరిశోధకులు వాదించినారు. వాదము పూర్తిగా తీరలేదు. పాఠము చెప్పునప్పుడు "ఆనకట్టవలన కాళ్లు వంకరపోయినవి" అని తీర్పు చెప్పుట శాస్త్రము కాదు.

ఇక్కడ ఇతర దేశపు ఉదాహరణ ఒకటి పోల్చదగినది. సైబీరియాలోను, చైనాలోను కాషిన్-బెక్ అను స్థానికవ్యాధి కలదు. పిల్లల కీళ్లు ఉబ్బి, వ్రేళ్లు పొట్టివై, ఎదుగుదల కుంటుపడును. నేలలో సెలీనియము కొరత, ధాన్యమునకు పట్టిన బూజు దానికి కారణములుగా పరిశీలింపబడినవి. అక్కడి పరిశోధకులు మృదులాస్థి లోపలి పొరలలోని కణములు చచ్చుటయే ఆ వ్యాధికి మూలమని గుర్తించి, కణమునుండి వెనుకకు కారణమువైపు నడచినారు. నల్లగొండలో నడక నీటినుండి ఎముకకు వచ్చి అక్కడ ఆగినది. న్యాయముగా చెప్పవలెనన్న, బ్రతికియున్న బాలుని పెరుగుదల ఫలకమునుండి ముక్క తీసి పరీక్షించుట నీతి కాదు. ఆనాడు మృదులాస్థిని చూపగల అయస్కాంత చిత్రణయంత్రము లేదు. నేడు అది కలదు. నాటివారికి చెల్లిన సాకు నేటివారికి చెల్లదు.

ఫ్లోరైడు - కణము

ఫ్లోరైడు మృదులాస్థికి ఏమి చేయును? శరీరములో నిలిచిన ఫ్లోరైడులో నూటికి 99 వంతులు ఎముకలలో, పండ్లలో చేరును. అక్కడి అపటైటు స్ఫటికములో హైడ్రాక్సిల్ స్థానమును ఆక్రమించును. ఎముక కట్టు కణములను ప్రేరేపించి, చిక్కనిదేగాని పెళుసైన ఎముకను కట్టించును. బంధనములు, స్నాయువులు ఎముకకు అంటుచోట్ల సున్నము పట్టించును. ఫ్లోరోసిస్ మొదటిదశలోని కీళ్లబిగువు, నొప్పి వీటి ఫలితమే. జంతువులకు అధికమోతాదు ఇచ్చిన ప్రయోగములలో పెరుగుదల ఫలకపు కణముల క్రమము చెదరుట కనబడినది. అయితే ప్రయోగశాలలో ఫలితము మోతాదునుబట్టి మారుచుండును. పలుచటి ద్రావణములో ఒక తీరు, చిక్కనిదానిలో మరియొక తీరు. కీలును కప్పిన మృదులాస్థిలో అడుగు పొర సున్నము పట్టినది. అక్కడికి ఫ్లోరైడు చేరుట సహజము. పై పొరలలోని కణములకు కలుగు హాని ఎంత అనునది ఎముకకు కలుగు హానివలె ధ్రువపడినది కాదు. "ఫ్లోరైడు గుజ్జును తినివేయును" అను ప్రచారవాక్యము కావున సాధువు కాదు.

పైగా, ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఎముకల నడుమ ఖాళీ సన్నబడును. ఏలయనగా మృదులాస్థి తరగిపోవును. ఫ్లోరోసిస్‌లో ఆ ఖాళీ సాధారణముగా చెక్కుచెదరక, చుట్టునున్న బంధనములు సున్నముతో బిగిసిపోవును. ముంజేతి రెండెముకల నడుమనున్న పొరకు సున్నము పట్టుట దానికి ముఖ్యమైన గుర్తు. ఒక వ్యాధిలో తలుపుబందు అరిగినది. మరియొక దానిలో తలుపు చుట్టు ద్వారబంధమే బిగిసినది. రెండింటిలోను తలుపు తెరువరాదు. కాని బాగుచేయువాని పని వేరువేరు. మోకాలి చిత్రము ఒక్కటియే తీసి "గుజ్జు అరిగినది" అని పంపుటకంటె, ముంజేతి చిత్రము, మూత్రములో ఫ్లోరైడు పరీక్ష, అతడు యౌవనమున ఏ ఊరి నీరు త్రాగినాడను ప్రశ్న - ఈ మూడు చేర్చినచో పొరపాటు చాలవరకు తగ్గును.

పాలమూరు బరువు

నల్లగొండ కథ నీటిదైనచో మహబూబ్‌నగర్ కథలో బరువునకు కూడ పెద్ద పాలు కలదు. ఫ్లోరైడు నీరు ఆ జిల్లాలోను లేకపోలేదు. కాని వానలు లేని మెట్టచేలనుండి మేస్త్రీల వెంట వలసపోయి, ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టి మోసిన "పాలమూరు లేబరు" ఖ్యాతి దేశమంతట వినబడినది. మామూలు నడకలోనే మోకాలిమీద శరీరపు బరువునకు రెండు మూడు రెట్లు ఒత్తిడి పడును. తలమీద తట్టతో గట్టు ఎక్కుట, గొంతుక కూర్చుండి గంటలకొలది పనిచేయుట దానిని ఇంకను పెంచును. బరువులెత్తుట, మోకాళ్లు మడచి కూర్చుండుట వృత్తిగా గలవారిలో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ఎక్కువని పలుదేశముల పరిశీలనలు తెలిపినవి. మితమైన బరువు కణమునకు ఆహారము. అమితమైన బరువు కణమునకు దెబ్బ.

నీటి బాధితునికి సంఘము ఒక పేరు పెట్టినది. ఆ పేరుమీద ఉద్యమములు నడచినవి, పథకములు వచ్చినవి. బరువు బాధితునికి పేరు లేదు. అతని మోకాలు "వయస్సుతో అరిగినది" అని తేలికగా చెప్పబడును. నలుబదియైదేండ్లకు అరిగినదానిని వయస్సు అనుట సరికాదు. "అరుగుదల" అను మాటలోని రెండవ లోపమిది: అది కారణమును కాలముమీదికి నెట్టి, పనిని, కూలిని, వలసను తప్పించును.

మందులు, మాయలు

ఈ రెండు జిల్లాలలోను "గుజ్జు పెంచు" మందుల అమ్మకము కొదువలేదు. గ్లూకోసమీన్, కాండ్రాయిటిన్ అను పదార్థములు వీటిలో ముఖ్యమైనవి. 2006లో అమెరికాలో 1583 మంది మోకాలి రోగులపై జరిగిన పరీక్షలో, మొత్తముమీద చూచినప్పుడు, ఇవి ఉత్తుత్తి బిళ్లకంటె మెరుగైన ఫలితమును ఈయలేదని తేలినది. మృదులాస్థి స్వభావము తెలిసినవారికి ఇది ఆశ్చర్యము కాదు. కూడు నోటిద్వారా వేసినంతమాత్రమున, దారితప్పిన కణము తెగిన వలను తిరిగి నేయదు.

స్వీడన్ దేశపు శస్త్రవైద్యులు 1994లో, రోగి మృదులాస్థినుండియే కణములు తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి మోకాలిలో అమర్చిన పద్ధతిని ప్రకటించినారు. కణము ప్రాధాన్యమును లోకమునకు చాటిన ప్రయోగమది. కాని అది ఆటలలో దెబ్బతిన్న యువకుల చిన్న గుంటలకు తగినది; కీలంతయు చెడిన వృద్ధులకు కాదు. అట్టివారికి కడపటి దశలో కీలుమార్పిడి కలదు. అంతకుముందు, తొడకండరములను బలపరచు వ్యాయామము, అధికపు బరువు తగ్గించుకొనుట, మితమైన నడక - ఇవియే నిదర్శనముగల చికిత్సలు. ఖర్చులేనివి కాబట్టి వీటికి ప్రచారకులు తక్కువ.

నొప్పి బిళ్లలను గూర్చి ఒక హెచ్చరిక అవసరము. వైద్యుని సలహా లేక ఏండ్ల తరబడి వాడినచో ఇవి మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. శరీరమునుండి ఫ్లోరైడును వెలుపలికి పంపునవి ఆ మూత్రపిండములే. నీళ్లజబ్బు గలవాడు బిళ్లతో నొప్పిని మాన్పుకొనబోయి, విషము పోవు దారిని మూసికొనుచున్నాడు.

నీరు మారిన పిదప

1970 దశకములో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించి దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరుపెట్టినది. రసాయనము సరియైనదే. కాని ప్రతిదినము సరియైన పాళ్లు కలుపుట, మడ్డి తీసివేయుట, నీటిరుచి చెడకుండ చూచుట సామాన్యులకు భారమైనది. జిల్లా పేరు ప్రపంచ గ్రంథములకెక్కినది; జిల్లా నీరు చిరకాలము మారలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకముద్వారా శుద్ధిచేసిన నదీజలము గ్రామములకు చేరినది. వ్యాధిని మొదటనే ఆపు మార్గము ఇదియే. కణమును గూర్చిన చర్చ ఏదియు నీటిని మార్చుటకు బదులు కాజాలదు.

కాని నీరు మారినదినముననే ఎముక మారదు. అందులో చేరిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి మెల్లగా బయటికి వచ్చును. సున్నము పట్టిన బంధనము సడలదు. పాతనీరు త్రాగి పెరిగినవారు ఇప్పుడు ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చు వయస్సునకు చేరుచున్నారు. బిగిసిన బంధనముల నడుమ, పెళుసు ఎముకమీద, వయస్సు మళ్లిన మృదులాస్థి ఎట్లు ప్రవర్తించును? లోకములో మరెక్కడి పుస్తకమును ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము చెప్పదు. చెప్పగలిగినది ఈ నేలయే. ఇంటికి నదినీరు వచ్చినను చేనివద్ద బోరునీరే త్రాగువాడు జాగ్రత్త వహింపవలెను. "ఫ్లోరోసిస్ పోయినది" అను సంతోషములో ఇప్పటికే కీళ్లు బిగిసినవారిని మరచినచో, అది శాస్త్రమునకును న్యాయము కాదు, మనుష్యులకును న్యాయము కాదు.

తరగతిగదిలో

ఉన్నతపాఠశాల పాఠములలో మృదులాస్థికి చెవిడిప్ప, ముక్కుకొన అను రెండు ఉదాహరణలతో సరిపెట్టుట పరిపాటి. ఫ్లోరోసిస్ పాఠము వేరొకచోట, నీటి కాలుష్యము క్రింద వచ్చును. ఈ రెండు పాఠములను కలుపువాడు ఉపాధ్యాయుడే. మాంసపు దుకాణమునుండి మేక మోకాలి కీలు తెచ్చి విప్పి చూపుట కష్టము కాదు. ఎముకకొనలమీది నీలిఛాయ పొరను విద్యార్థి వ్రేలితో తాకి, ఆ నునుపును తానే గ్రహించును. కోడి రొమ్ముటెముక కొననుండి పలుచటి పొరను బ్లేడుతో ఉపాధ్యాయుడు కోసి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి సూక్ష్మదర్శినిక్రింద పెట్టినచో, గూళ్లలో ఒంటరిగా కూర్చున్న కణములు కనబడును. ఆ గూళ్లను చూచిన విద్యార్థి ఇంటికిపోయి తాత మోకాలిని గూర్చి "అరిగిన ఇరుసు" అని తలపడు.

అట్లే పిల్లల ముందుపండ్లను గమనించుట ఉపాధ్యాయునకు సులభము. పంటిపింగాణి ఏర్పడు బాల్యవర్షములలో త్రాగిన నీటి గుర్తు పంటిమీద చారలుగా నిలుచును. పెద్దతరగతుల పండ్లను, చిన్నతరగతుల పండ్లను పోల్చినచో ఊరినీరు ఎప్పుడు మారినదో తెలిసికొనవచ్చును. అయితే ఏ పిల్లవానిని నలుగురిలో నిలిపి పండ్లు చూపుమనుట తగదు. పరిశీలన శాస్త్రమునకై గాని సిగ్గుపరచుటకు కాదు.

మొత్తముమీద చెప్పవలసినది ఇది: నల్లగొండను గూర్చిన శాస్త్రము నీటిని సరిగా పట్టుకొన్నది, ఎముకను సరిగా చూచినది, కీలులోని ప్రాణికి తగిన స్థానము ఈయలేదు. పాలమూరును గూర్చి ఆ మాత్రపు శాస్త్రమైనను నడవలేదు. గుజ్జు అను ఇంటిమాట చెడ్డది కాదు. దానిని ప్రాణములేని కందెనగా భావించుటయే చెడ్డది. ఆ గుజ్జులో నూటికి రెండు వంతుల ప్రాణమున్నదని, దానికి కదలిక అన్నమనియు, మితిమించిన బరువు దెబ్బయనియు, త్రాగునీరు దాని చుట్టునున్న ఇంటిగోడలనే మార్చగలదనియు ఒక తరము విద్యార్థులు తెలిసికొన్నచో, తరువాతి తరపు మోకాళ్లకు అంతకంటె మంచి మందు వేరొకటి ఉండదు.